నోనీ జేబులు

మిల్లు ఊరు, న్యూఫౌండ్‌లాండ్ పడమటి తీరం
9 నవంబర్ 1954

బ్రైడ్ అక్కకు,

నీ కూతురు క్షేమంగా చేరింది. ముందు ఆ మాట రాసేస్తున్నాను, మిగతాది నువ్వు నింపాదిగా చదువుకోవచ్చు. లియో బావ నాలుగు రోజుల కిందట రైలు దిగి, స్టేషన్లోనే దాని చెయ్యి నా చేతిలో పెట్టి, కలప కాంపుకి వెళ్లే లారీ ఎక్కేశాడు. "నాలుగేళ్లు నిండాయి దీనికి. నోరు మాత్రం దీవిలోనే మర్చిపోయి వచ్చింది, మరదలా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని టోపీ కళ్ల మీదికి లాక్కున్నాడు.

నా బడి ఎలా ఉంటుందని అడిగావు. చర్చి హాలు కింద గది అది. కిటికీలు నేలమట్టానికి ఉంటాయి, అందుకని మాకు బయట కనిపించేవి మంచూ, జనం బూట్లూ మాత్రమే. మిల్లు వైపు నుంచి వచ్చే గాలికి ఇంత చిన్నపిల్లల్ని బయట వదలడానికి లేదు. కాబట్టి బయట ఉన్నదాన్నే లోపలికి తెచ్చాను. బల్లల మీద మైనపు గుడ్డ పరిచాను. ఒక జింకు తొట్టిలో ఎండు బఠాణీలు, గరిటెలు, ఖాళీ డబ్బాలు. ఇంకోదాంట్లో గోరువెచ్చని నీళ్లు. మూడోదాంట్లో పొద్దున్నే పారతో మంచు నింపుతాను. మధ్యాహ్నానికి అది నీళ్లవుతుంది. మంచు ఎక్కడికి పోయిందా అని పిల్లలు తొట్టి కిందికి వంగి చూస్తారు.

అన్నిటికన్నా వాళ్లకి ఇష్టం పిండి. మైదా, ఉప్పు, నీళ్లు, కాస్త నూనె పొయ్యి మీద పెట్టి కలుపుతూనే ఉండాలి. చెయ్యి నొప్పెట్టి ఇక వదిలేద్దాం అనుకునేసరికి అది గిన్నె అంచుల్ని వదిలేసి ఒక్క ముద్దగా దగ్గరికొస్తుంది. బీట్‌రూట్ రసం పోస్తే గులాబీ రంగు. బ్లూబెర్రీలు నలిపి పోస్తే వానముందు మబ్బు రంగు. వెచ్చగా ఉండగా చేతుల్లో పెడితే, అప్పటిదాకా కొట్టుకుంటున్న వాళ్లు కూడా ఊరుకుంటారు. గదంతా ఊపిరి చప్పుడే.

నేనుండే ఇంటావిడ టోబిన్‌గారమ్మ మొన్న వచ్చి చూసింది. "పిండితో ఆటలేంటమ్మాయ్? అంత చదువు చదివావు, అక్షరాలు నేర్పరాదూ?" అంది.

"నేర్పుతానండీ. ముందు వేళ్లు లేవనివ్వండి" అన్నాను.

"వేళ్లకేం, పుట్టినప్పుడే వచ్చాయిగా" అని వెళ్లిపోయింది.

నోనీ ఇంకా దేన్నీ ముట్టుకోలేదు. చేతులు ఏప్రన్ కింద పెట్టుకుని కూర్చుంటుంది. నేనూ తొందరపెట్టడం లేదు. పడుకో, తిను, డాక్టరు చెప్పింది విను. మనింట్లో బడి గడప దాటి పైదాకా చదివింది నేనొక్కదాన్నే, అదీ నువ్వు మూడో పుస్తకం దగ్గర మానేసి నన్ను పంపావు కాబట్టి. ఆ చదువు నీ పిల్లకి పనికొచ్చేలా చేస్తాను.

నీ లొరెట్టా


క్షయ శానిటోరియం, సెయింట్ జాన్స్
20 నవంబర్ 1954

ఏమే పంతులమ్మా,

నీ ఉత్తరం క్వీనీకి కూడా చదివి వినిపించాను. క్వీనీ అంటే నా పక్క మంచం ఆవిడ. ఎర్రజుట్టు, పెద్ద ఒళ్లు. నవ్వితే దగ్గొస్తుంది, దగ్గితే నర్సు వస్తుంది. "మంచుని కష్టపడి లోపలికి మోసుకొచ్చే ఊరు కూడా ఉందా? మా ఇంట్లో తలుపు తీస్తే అదే వచ్చి కూర్చుంటుంది" అంది. ఆ పూట నర్సు రెండుసార్లు వచ్చింది.

అమ్మ రొట్టెల పిండి పిసికి, దాని మీద శిలువ గీసి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు దుప్పటి కప్పేది, గుర్తుందా? నీకు గుర్తుండదులే, నా చంక దిగేదానివి కాదు. ఆ పిండికి నువ్వు రంగులేసి పిల్లలకి పిసకమని ఇస్తున్నావంటే అమ్మ వచ్చి చెవి మెలేసేది. తర్వాత తనూ ఒక ముద్ద తీసుకునేదేమో.

ఇక్కడ పనేం లేదు. పడుకోవడమే పని. జ్వరం వచ్చినప్పుడు మంచం పడవైపోతుంది. మెల్లగా మన దీవి చుట్టూ తిరుగుతుంది గాని ఒడ్డుకి మాత్రం చేరదు.

లొరెట్టా, ఒకటి అడుగుతాను, నిజం రాయి. నోనీ నన్ను అడుగుతోందా? ఆ రోజు ఆసుపత్రి పడవ తెల్లారకుండానే వచ్చింది. పోటు తగ్గిపోతోందని తొందరపెట్టారు. కోటు కూడా వేసుకోనివ్వలేదు, నైటుగౌను మీదే దుప్పట్లో చుట్టి రేవులోకి దింపారు. అది గుమ్మంలో నిలబడి ఉంది. దగ్గరికి రానివ్వొద్దని నర్సు అంటే నేనే చెయ్యడ్డం పెట్టాను. పిల్ల మొహం మీదికి చెయ్యడ్డం పెట్టి వచ్చేశాను.

బ్రైడ్


మిల్లు ఊరు
5 డిసెంబర్ 1954

అక్కా,

గొప్ప వార్త! నోనీ ఏప్రన్ కిందనుంచి చేతులు తీసింది!

మిల్లులో పనిచేసే ఒకాయన మా బడికి రెండు బకెట్ల కాగితం గుజ్జు తెచ్చిచ్చాడు. ఇంకా కాగితం కాకముందు కలప అలా ఉంటుందట. తెల్లగా, గోరువెచ్చగా, గంజిలా. దాన్ని పెద్ద తొట్టిలో పోశాను. ఆ రోజు బయట ఎంత మంచు పడుతోందంటే కిటికీలు పూర్తిగా కప్పుకుపోయి, గదిలోకి పాలరంగు వెలుతురొకటి వచ్చింది. నీళ్ల అడుగున కూర్చున్నట్టుంది మాకు. పిల్లలందరూ మోచేతుల దాకా ముంచారు. నోనీ లేచొచ్చి, ఒక వేలు పెట్టింది. తర్వాత చెయ్యి. తర్వాత కళ్లు మూసుకుని రెండో చెయ్యి. ఎంతసేపుందో తెలీదు. దాని భుజాలు కిందికి జారడం నేను కళ్లారా చూశాను. ఉన్నట్టుండి తలెత్తి, "అమ్మా!" అని గట్టిగా పిలిచింది. నేను ఎదురుగానే ఉన్నాను, "ఏంటమ్మా" అని పలికాను. పిల్లలందరూ నవ్వారు. నోనీ మళ్లీ గుజ్జులోకి చూసుకుంది. పొరపాటున పిలిచిందిలే, కానీ నా మనసు ఎంత నిండిపోయిందో నీకు చెప్పలేను.

అప్పట్నుంచి పిండి బల్ల దగ్గరనుంచి కదలదు. నీ గురించి అడగలేదు. అంటే దిగులు తగ్గిందనే అనుకుంటున్నాను. నువ్వూ బెంగ పెట్టుకోకు.

ఒక చిన్న సంగతి. దాని కోటు జేబుల్లో గట్టిపడిపోయిన పిండిముద్దలు దొరుకుతున్నాయి. పడేస్తే మర్నాడు మళ్లీ ఉంటాయి. టోబిన్‌గారమ్మ "ఎలకలొస్తే నా పూచీ లేదు" అంటోంది.

నీ లొరెట్టా


శానిటోరియం
16 డిసెంబర్ 1954

లొరెట్టా,

ఉత్తరం అందింది.

తిండి దాచుకునే పిల్ల ఆకలితో ఉన్న పిల్ల. అమ్మ మంచాన పడిన శీతాకాలం నువ్వు దిండు కింద రొట్టె అంచులు దాచుకునేదానివి. నాకు తెలుసు, దులిపింది నేనే. పిల్లకి సరిగ్గా పెడుతున్నావా? మీ టోబినమ్మ ఎలకల గురించి ఆలోచించే బదులు ఇంకో గిన్నెడు సూప్ పొయ్యలేదా?

అది నిన్ను అమ్మా అంటే నువ్వు పలికావు. మంచిదే. ఎవరో ఒకరు పలకాలి కదా.

క్వీనీ పండక్కి నాకు మేజోళ్లు అల్లింది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. "నీ కాళ్లు ఎటూ మంచం దిగవుగా, ఎవరు చూస్తారే" అంది. ఈసారి నాకు నవ్వు రాలేదు.

బ్రైడ్


మిల్లు ఊరు
2 జనవరి 1955

అక్కా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. ఆ కోపంతోనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

నోనీ ఆకలితో లేదు. పొద్దున గంజి, మధ్యాహ్నం బఠాణీ సూపు, రాత్రి ఉప్పుచేప, బంగాళదుంపలు. ముద్దుగా బుగ్గలొచ్చాయి. అసలు ఆ పిండి తినడానికి వీల్లేదు, నోట్లో పెడితే సముద్రం మింగినట్టుంటుంది. అందుకే అంత ఉప్పేస్తాం.

అది తిండి దాచుకోవడం కాదు, నాకర్థమైంది. మన దీవిలో బెర్రీలు ఏరడానికి కొండెక్కేవాళ్ల జేబుల్లో రొట్టెముక్క పెడతారే, అదే ఇది. రొట్టె లేకుండా వెళ్తే కంటికి కనపడని ఆ మాయజనం, కొండమీది చిన్నోళ్లు, దారి మళ్లించేస్తారు, ఎంత నడిచినా ఇల్లు రాదు అని మనకి చెప్పి చెప్పి భయపెట్టేవారు. నువ్వు దానికీ అదే నూరిపోశావు! పిల్లల మనసులో భయాలు పెట్టకూడదని మాకు ఎన్ని క్లాసుల్లో చెప్పారో తెలుసా? దాని జేబులు రెండూ దులిపి, ఉన్నవన్నీ దాని ఎదురుగానే పొయ్యిలో పడేశాను. "చూశావా, చిన్నోళ్లూ లేరు, ఎవరూ లేరు. ఇక్కడ నీకేం భయం లేదు" అన్నాను.

ఏడవలేదు. చేతులు మాత్రం మళ్లీ ఏప్రన్ కిందికి వెళ్లిపోయాయి.

ఆ 'అమ్మా' సంగతి నీకు సంతోషంగా ఉంటుందనే రాశాను. నిన్ను బాధపెట్టాలని నేనెందుకనుకుంటాను?

లొరెట్టా


శానిటోరియం
19 జనవరి 1955

లొరెట్టా,

కోపం లేదు. నిన్ను పెంచిన చేతులివి, నీ మీద కోపం ఎంతసేపుంటుంది?

డాక్టరు వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. వాళ్లు అలా కూర్చుంటే మాట పెద్దదని ఇక్కడందరికీ తెలుసు. మందు పనిచెయ్యడం లేదట. పక్కటెముకలు కోసి, పాడైన ఊపిరితిత్తిని నొక్కేస్తే బతకొచ్చట. ఆ బల్ల మీదే పోయినవాళ్లు కూడా ఉన్నారని నేను అడిగితే ఒప్పుకున్నాడు. నేను వద్దన్నాను. ఎన్నాళ్లుంటే అన్నాళ్లు ఇలాగే ఉంటానన్నాను. కోయించుకుని, లేచి, ఇంటికెళ్తే నన్ను చూసి 'ఎవరీవిడ' అని నీ వెనక దాక్కునే పిల్ల కోసం నేనెందుకు కోయించుకోవాలి?

బాధతో రాయడం లేదు. నిజంగా ఆలోచించాను. అది నన్ను అడగడం లేదు. నీ బడిలో చేతులు కదిలాయి. నిన్ను అమ్మా అంది. అలాగే పిలవనీ. పిన్ని అని దిద్దకు. నా మాట ఎత్తకు. కొన్నాళ్లు పోతే గుమ్మంలో చెయ్యడ్డం పెట్టిన మనిషెవరో దానికి గుర్తుండదు. లియోకి నేను రాస్తాను. ఆయన అడ్డు చెప్పడు, ఆయన ఎప్పుడు దేనికి అడ్డు చెప్పాడు గనక?

నాకు మటుకు అప్పుడప్పుడు ఆ గుజ్జు గది గురించి రాస్తూ ఉండు. కళ్లు మూసుకుంటే నాకు ఆ తెల్ల వెలుతురు కనిపిస్తోంది.

అక్క


మిల్లు ఊరు
7 ఫిబ్రవరి 1955

అక్కా,

నువ్వు చెప్పినట్టు చెయ్యను. నా జన్మలో మొదటిసారి నీ మాట కాదంటున్నాను. ఎందుకో చెప్తాను, కాస్త ఓపికగా చదువు.

నిన్న ఆదివారం. పూజయ్యాక, సోమవారానికి పిండి ఉడకబెట్టుకుందామని నోనీని తీసుకుని కింద గదికి వెళ్లాను. ఇద్దరమే. ముద్ద దగ్గరికొచ్చాక బల్లమీద వేసి పిసుకుతున్నాను. అది పక్కన నిలబడి చూస్తోంది. నేను తలతిప్పగానే చిన్న ముక్క తుంచి గబుక్కున జేబులో వేసుకుంది. ఈసారి కోప్పడలేదు. దాని ఎత్తుకి కూర్చున్నాను.

"చిన్నోళ్లంటే నీకంత భయమా, బంగారూ?" అన్నాను.

నన్ను వింతగా చూసింది. "నాకెందుకు భయం? నేను లోపలే ఉంటాగా" అంది. అక్కా, అంత పెద్ద మాట దాని నోట నేను వినడం అదే మొదలు.

"మరి జేబులో ఎవరికి?"

"అమ్మకి."

"అమ్మకెందుకు?"

"అమ్మకి కోటు లేదు. కోటు లేకపోతే జేబు లేదు. జేబు లేకపోతే రొట్టె లేదు." ఇవన్నీ నాకు తెలియాల్సినవన్నట్టు విసుక్కుంటూ చెప్పింది. "అందుకే చిన్నోళ్లు తీసుకుపోయారు. నాన్న డాక్టరు దగ్గరుందంటాడు. డాక్టరు దగ్గరుంటే ఇంటికొచ్చేస్తారుగా?"

బుర్రతక్కువ మాట ఒకటి అన్నాను. "ఇది రొట్టె కాదే, ఉప్పుపిండి. తినడానికి కూడా పనికిరాదు."

"రొట్టెని ఎలకలు తినేస్తాయి. దీన్ని తినవు. అమ్మ దొరికేదాకా ఉంటుంది" అంది. తర్వాత నెమ్మదిగా, "నువ్వు పొయ్యిలో వేసేశావు" అంది.

అక్కా, అది నిన్ను అడగకపోవడం మర్చిపోయి కాదు. దారి తప్పినవాళ్ల పేరు ఇంట్లో ఎత్తకూడదని మనవాళ్లు చెప్పింది గుర్తుందిగా, ఎత్తితే వాళ్లు ఇంకా దూరం పోతారని. అది పేరెత్తలేదు, పని చేసుకుంటూ పోయింది. పండక్కి ముందు పిలిచిన ఆ పిలుపు కూడా నన్ను కాదు. ఇప్పుడు మళ్లీ తలుచుకుంటున్నాను. నా వెనక కిటికీ ఉంది, అద్దం నిండా మంచు ఉంది. పొగమంచులో తప్పిపోయినవాళ్లని కొండ అంచునుంచి పిలిచినట్టు పిలిచింది. నేను మధ్యలో నిలబడి పలికాను. అంతే.

"అమ్మ తప్పిపోలేదు. తనున్న ఇల్లు నాకు తెలుసు. చాలా పెద్దది, బోలెడు కిటికీలు. చిన్నపిల్లల్ని మాత్రం లోపలికి రానివ్వరు" అన్నాను.

"అయితే చూపించు" అంది.

చూపిస్తానన్నాను. నెలాఖరున బడికి సెలవు పెట్టాను. దారిలో రైలు మంచులో కూరుకుపోతే పోనీ, రెండు రోజులైనా సరే. టోబిన్‌గారమ్మ దారికి రొట్టెలు కాల్చిస్తానంది, "ఆ ఉప్పుముద్దలు కూడా పట్టుకెళ్లండి, నా ఇంట్లో పీడ వదులుతుంది" అని ముక్కు చీదుకుంది.

డాక్టరుకి వద్దన్నావు. అది నీ ఒళ్లు, నేను చెప్పేదాన్ని కాను. కానీ పిల్ల మర్చిపోయింది కాబట్టి వద్దన్నానని రాశావు. ఆ కారణం మాత్రం నీకిక లేదు. ఇంకేదైనా వెతుక్కో.

నీ చెల్లెలు


శానిటోరియం
7 మార్చి 1955

లొరెట్టా,

మీరు రైలెక్కి ఇంటికి చేరేసరికి ఇది అందుతుందేమో. మీరు కింద ఇచ్చిన పొట్లం నర్సు పైకి తెచ్చింది. తెరిచి చూసి "రాళ్లు పంపారేంటమ్మా మీవాళ్లు" అంది. తీసుకుని దిండు కింద పెట్టుకున్నాను.

కింద మంచులో మీరిద్దరూ కనపడగానే నేను కిటికీ దగ్గరికి చేరాను. మేం లేవకూడదు, అయినా లేచాను. నోనీ ఎంత ఎత్తయిందే! ఆ ఎర్ర టోపీ టోబినమ్మదేనా? నువ్వు వంగి దాని చెవిలో చెప్పావు, వేలు చూపించావు. అంత కిందనుంచి ఏ వేలు ఏ కిటికీకో ఎవరికి తెలుస్తుంది? అది చూసింది, రెండు చేతులూ ఎత్తి ఊపింది. ఊపింది క్వీనీకి.

క్వీనీ కంగారు పడిపోయింది. "నాకోసం ఇన్నేళ్లలో ఒక్కరు రాలేదు, ఇదెవత్తే బాబూ నాకు చేతులూపుతోంది!" అంటూనే తనూ ఊపేసింది. నాకు అరిచే ఊపిరి లేదు. అద్దం మీద కొడుతున్నాను, మీకు వినపడదు. ఈలోగా చప్పుడుకి వార్డు వార్డంతా లేచింది. నర్సు "పడుకోండి, పడుకోండి" అంటూనే ఉంది, ఒక్కరూ వినలేదు. కిటికీకొకరు నిలబడి ఊపడం మొదలుపెట్టారు. అందరివీ అవే తెల్ల గౌన్లు, అవే పాలిపోయిన మొహాలు. ఏ అమ్మ తనదో ఆ పిల్లకెలా తెలుస్తుంది?

దానికి తెలీలేదు. నువ్వు మళ్లీ వేలు చూపించబోతే నీ చెయ్యి కిందికి లాగేసింది, చూశాను. ఇక మొదటి కిటికీ నుంచి మొదలుపెట్టింది. ఒక్కొక్కరికీ ఊపింది, ఎవర్నీ వదలకుండా, వరసగా. ఒక్కొక్కరికి ఊపి, వాళ్లు తిరిగి ఊపేదాకా ఆగి, అప్పుడు పక్కదానికి. పనిలో ఉన్న మనిషిలా, తొందర లేకుండా. ఇక్కడ క్వీనీ ఏడుస్తోంది, అవతల ఇంకెవరో ఏడుస్తున్నారు. నేను నా వంతు కోసం నిలబడ్డాను.

వచ్చింది నా వంతు. అందరికీ ఊపినంతే ఊపింది. ఎక్కువా లేదు, తక్కువా లేదు. నేను ఊపాను. అది పక్క కిటికీకి వెళ్లిపోయింది.

అప్పటికి అదే చాలనుకున్నాను. నర్సు తిట్టుకుంటూ మంచం మీద పడుకోబెట్టాక ఆ తృప్తితోనే కళ్లు మూసుకున్నాను. కాసేపటికి చాలలేదు. అందరిలో ఒకదాన్ని, కిటికీలో తెల్ల గౌనుని. నాకది చాలదు లొరెట్టా, అస్సలు చాలదు. సాయంత్రం డాక్టరు వచ్చినప్పుడు మంచం అంచున నేనే కూర్చోమన్నాను. "ఎప్పుడు కోస్తారు?" అని అడిగాను. ఈస్టర్ వెళ్లాక అన్నాడు. భయంగా లేదా అన్నాడు. ఉందన్నాను.

లియోకి నువ్వు రాయి, నాకు రాయబుద్ధి కావడం లేదు.

ఇంకొక్కటి. నేను ఏ కిటికీలో ఉన్నానని అది అడిగితే చెప్పకు. పోల్చుకోలేదని ఎత్తిచూపకు. నేనే వచ్చి చెప్పుకుంటాను.

బ్రైడ్